పెండపురుగుల బకెట్టు

పోచయ్యకు అసహ్యం ఎక్కువని, మరాఠీ పట్నంలో తెలుగు నేతగాళ్లుండే జోడ్‌భావి పేట్‌లో తెలియనివాళ్లు లేరు. పెళ్లి బంతిలో పక్కవాడు వేళ్లు నాకుతూ తింటుంటే విస్తరి ముందు నుంచి లేచిపోయేవాడు. చాయ్ హోటల్‌కు తన గ్లాసు తానే జేబులో పెట్టుకుని వెళ్లేవాడు. కార్ఖానాలో ఎవరైనా తంబాకు నమిలి గోడ మూలన ఉమ్మితే చాలు, నడుస్తున్న మరమగ్గం ఆపి మరీ వెళ్లి పోట్లాడేవాడు. "ఛీ, ఘాణ్!" అనేది అతని ఊతపదం. మురికినీ కంపునూ కలిపి మరాఠీవాళ్లు అనే ఆ మాట అతని నోటికి అంతగా పట్టేసింది. ముప్పై రెండేళ్లు తువాళ్లు నేశాడు. తాను నేసిన తువాలు మీద నూనె మరక ఉందన్న మాట ఒక్కసారీ పడలేదు.

ఆ కార్ఖానా మూతపడ్డాక అతనికి ఇంకోచోట పని దొరకలేదు. మగ్గాల మోతకు చెవులు సగం పోయాయి, కళ్లు మసక. భార్య గంగుబాయి బీడీలు చుడుతుంది కాబట్టి ఊరి బయట కుంభారి దగ్గర బీడీ కార్మికుల కాలనీలో ఆమె పేరు మీద ఇల్లు వచ్చింది. ఇద్దరూ పేట వదిలి అక్కడికి చేరారు. గంగుబాయి పుట్టిల్లు సిద్దిపేట దిక్కున ఒక పల్లె. కాలనీ వెనక మాళ్ అనే ఖాళీ బీడు, దాని మీద గడ్డి, మేస్తున్న పశువులు చూసేసరికి ఆమెకు చిన్నతనం గుర్తొచ్చింది.

"ఒక బర్రెను తెచ్చుకుందామయ్యా. ముప్పై ఏండ్లు చాటల తల వెట్టి బీడీలు చుట్టిన. జెర మనసు నిమ్మలమైతది" అంది.

"బర్రెనా? వాకిట్ల పెండా, మూత్రమా? ఛీ, ఘాణ్! నేను ఇల్లిడిసి పోతా."

పోలేదు. బర్రె వచ్చింది, వెంట దూడ వచ్చింది. పెండ ఎత్తడం, పిడకలు కొట్టడం గంగుబాయి పని అని ఒప్పందం. మూణ్ణెల్లు అలాగే గడిచింది. తర్వాత ఆమె మోకాళ్లు పట్టేశాయి. బర్రెను మాళ్ మీదికి తోలుకెళ్లి మేపి తెచ్చే పని పోచయ్య మెడకు చుట్టుకుంది. ముక్కుకు తువాలు కట్టుకుని, చేతిలో పొడవాటి కర్ర పట్టుకుని, బర్రెకు పది అడుగుల దూరంలో నడిచేవాడు. కాలనీ ఆడవాళ్లు చూసి నవ్వుకునేవాళ్లు.

మొదటి వాన పడిన రెండో రోజు మాళ్ మీద అతనికి ఆ దృశ్యం కనబడింది. బర్రె వేసిన పెండకుప్ప కదులుతోంది. వంగి చూశాడు. చింతగింజలంత నల్లటి పురుగులు, వందలకొద్దీ, లోపలికి దూరుతున్నాయి, బయటికి వస్తున్నాయి, ఒకదాని మీద ఒకటి ఎక్కి తోసుకుంటున్నాయి. కొన్ని పెండను గోళీలుగా చుట్టి వెనక కాళ్లతో దొర్లించుకుపోతున్నాయి. తల తిప్పుకోబోతుంటే ఒకటి ఎగిరి వచ్చి అతని మోచేతికి తగిలి వెల్లకిలా పడింది. దాని కడుపు కింద ఎర్రటి ఇసుక రేణువుల్లాంటివి పాకుతున్నాయి. పురుగుకు పురుగులు! పోచయ్య అక్కడే పొదపక్కన కూర్చుని పొద్దున తాగిన చాయ్ కక్కేశాడు.

"పెండపురుగులు గదా, ఏం చేస్తయ్ అవి?" అంది గంగుబాయి, ఇంటికొచ్చి చెబితే. "మా ఊర్ల గంపలు గంపలు ఉంటుండె."

"నీ ఊరు నీకే ఉండనీ" అని సబ్బుతో మోచెయ్యి మూడుసార్లు కడుక్కున్నాడు.

ఆ వానాకాలమే బర్రెకు పిడుదులు పట్టాయి. చెవుల లోపల, తోక కింద, పొదుగు చుట్టూ. రక్తం తాగి ద్రాక్షపండ్లలా ఉబ్బిన పిడుదులను గంగుబాయి వేళ్లతో పీకి, రాయి మీద పెట్టి చితక్కొట్టేది. ఆ చప్పుడు వింటే పోచయ్యకు ఆ పూట అన్నం దిగేది కాదు. ఒకరోజు పెండలో తెల్లటి ఏలికపాములు కూడా కనబడ్డాయి. దాంతో అతని ఓపిక అయిపోయింది. సంతలో పశువుల మందులమ్మే ఒకతన్ని పట్టుకుని అడిగాడు.

"ఒక్క సూది కాకా, బయటి పురుగూ సస్తది, లోపటి పురుగూ సస్తది" అన్నాడు అతను.

అది నిజమే. పది రోజుల్లో బర్రె ఒంటి మీద ఒక్క పిడుదు లేదు. పోచయ్యకు అంత సంతోషం చాలాకాలం తర్వాత కలిగింది. జబ్బు ఉన్నా లేకపోయినా నెలనెలా సూది వేయించడం మొదలుపెట్టాడు. అంతటితో ఊరుకుంటే అతను పోచయ్య ఎందుకవుతాడు? వాళ్ల వరసలో ఇంకో ఆరేడు ఇళ్లకు పశువులున్నాయి. ఇంటింటికీ వెళ్లి తన బర్రెను చూపించాడు. "గోరంత పురుగు సూపియ్యి, నా పేరు మార్చుకుంటా" అన్నాడు. వాళ్లూ సూదులు వేయించారు. ఏడాది తిరిగేసరికి ఆ వరస పశువులన్నీ అద్దంలా మెరిశాయి.

రెండో వానాకాలం వచ్చింది. మాళ్ మీద వేసిన పెండ వేసినట్టే ఉంది. నిరుడు రెండు రోజుల్లో పొడిపొడిగా మారి మట్టిలో కలిసిపోయిన కుప్పలు, ఈసారి వారమైనా పైన తొక్క కట్టి, లోపల పచ్చిగా, ఉబ్బి ఉన్నాయి. వాటి కింద గడ్డి పసుపురంగుకు తిరిగి చచ్చిపోయింది. వానకు పిడకలు ఎండవు కాబట్టి ఎవరూ ఎత్తుకుపోలేదు. కుప్ప పక్కన కుప్ప. పెండను కెలికి ఏరుకు తినే గోరింకలు రావడం మానేశాయి. నల్లపురుగు ఒక్కటీ కనబడకపోవడం పోచయ్య గమనించాడు, పీడ విరగడైందనుకున్నాడు.

తర్వాత ఈగలు వచ్చాయి.

ముందు పశువుల మీద, తర్వాత వాకిళ్లలో, తర్వాత వంటింట్లో. అన్నం గిన్నె మూత తీస్తే నల్లగా వాలేవి. నీళ్ల బిందె అంచు మీద, ఆరేసిన బట్టల మీద, నిద్రపోతున్నవాళ్ల పెదవుల మీద. పోచయ్య ఒకరోజు చాయ్ గ్లాసు నోటి దాకా తెచ్చి చూస్తే అందులో రెండు ఈగలు తేలుతున్నాయి. గ్లాసు గోడకేసి కొట్టాడు. తువాలు తడిపి రోజంతా కొడుతూ కూర్చునేవాడు. చచ్చిన ఈగలు చీపురుకు అంటుకుని జిగటగా ఉండేవి. ఆ చీపురును చూడలేక పారేసి కొత్తది కొనేవాడు. అన్నం తినడం తగ్గిపోయింది, చిక్కిపోయాడు. కర్రతో ఒక పెండకుప్పను తిరగేసి చూశాడు. లోపల తెల్లటి ఈగపిల్లలు అన్నం ఉడికినట్టు కుతకుతలాడుతున్నాయి.

పక్కింట్లో సుందరాబాయి ఉంటుంది. ఆమె కూడా పేట నుంచే వచ్చింది, బీడీలే చుడుతుంది. కోడలు పురిటికి పోయి, తొమ్మిది నెలల మనవరాలు మయూరితో తిరిగొచ్చింది. ఒకరోజు మధ్యాహ్నం సుందరాబాయి ఆ పిల్లను చంకనేసుకుని పోచయ్య గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"పోచన్నా, జెర ఇటు సూడు."

చూశాడు. పిల్ల రెండు కళ్లూ చీము కారి అంటుకుపోయాయి. రెప్పల మీద ఈగలు వాలి ఉన్నాయి. సుందరాబాయి విదిలిస్తే లేచి మళ్లీ అక్కడే వాలుతున్నాయి. పిల్లకు ఏడ్చే ఓపిక కూడా లేదు.

"నీ బర్రె పెండే గదన్నా ఇదంత? పేటల ఉన్నప్పుడు మేం ఉమ్మితే కొట్లాటకు వస్తుంటివి. ఇప్పుడు నీ ఘాణ్ నా పిల్ల కండ్లల్ల వడ్డది. ఎవరితోని కొట్లాడాలె నేను?"

పోచయ్య ముప్పై ఏళ్లుగా ఇతరుల మీద వాడిన మాట అది. ఆమె వెళ్లిపోయాక చాలాసేపు తన చేతులే చూసుకుంటూ కూర్చున్నాడు. తన ఒంటి మీద తనకే రోత పుట్టింది. పిల్లను దవాఖానకు తీసుకెళ్లారు. చుక్కల మందుతో పది రోజులకు కళ్లు తెరిచింది. ఆ పది రోజులూ అతను ఆ ఇంటి వైపు తలెత్తి చూడలేదు.

పశువుల దవాఖానలో ఆరతి అని ఒక డాక్టరమ్మ ఉంది. మరాఠీ అమ్మాయి. పేటలోనే పెరిగింది కాబట్టి తెలుగు కలిపి మాట్లాడుతుంది. పోచయ్య ఆమెను వెంటబెట్టుకుని మాళ్ మీదికి తీసుకెళ్లాడు. ఈగలకు మందు చెప్పమన్నాడు. ఆమె పెండకుప్పను చేత్తోనే విరిచి చూసింది. పోచయ్య మొహం తిప్పుకున్నాడు.

"కాకా, పెండపురుగులు ఏవి?"

"ఉండె మేడమ్. పోయినయ్."

"సూది ఎన్నిసార్లు ఇచ్చిన్రు?"

చెప్పాడు. ఆమె చేతిలోని పెండను కింద పడేసింది.

"ఆ మందు బర్రె కడుపుల ఆగదు కాకా, పెండల బయటికి వస్తది. పెండపురుగు ఆ పెండ తింటది, అందులనే గుడ్డు పెడతది. పిల్లలన్నీ లోపలనే చచ్చిపోతయ్. ఆ పురుగులుంటే రెండు రోజుల్ల పెండను మట్టి కిందికి తీసుకపోతయ్. ఈగ గుడ్డు పెట్టేటందుకు జాగా దొరకదు. ఇప్పుడు జాగా మొత్తం ఈగలదే."

"ఈగ పిల్లలు సస్తలేవేంది మరి, అదే మందుకు?"

"కొన్ని చస్తయ్. కానీ మందు పల్చబడంగనే ఈగ వారం పది రోజుల్ల కొత్త సంసారం పెడతది. పెండపురుగుకు నెలలు పడుతది. ఈగతోని అది పరుగెత్తలేదు."

పోచయ్య నిరుడు పెండపురుగు కడుపు కింద చూసిన ఆ ఎర్రటి రేణువుల సంగతి అడిగాడు.

"అవి పిడుదులాంటి చిన్న పురుగులు. పెండపురుగు మీదెక్కి సవారీ చేస్తయ్. పెండ కాడ దిగి ఈగ గుడ్లు తింటయ్. ఆ బస్సు లేకపోతే అవి కూడా రాలేవు." ఆమె చేతులు గడ్డికి తుడుచుకుంది. "సూది బంద్ చెయ్యండి. పిడుదులు చేత్తో పీకండి, ఎక్కువైతే నాకు చెప్పండి. మందు ఇచ్చిన రోజుల్ల పెండ గుంతల వేసి మూయండి. పురుగులు మెల్లగా అవే ఎగిరొస్తయ్. ముందున్న ఊర్ల దత్తాత్రి అనే రైతు చేన్ల మస్తుగున్నయ్, ఆయన ఎప్పుడూ సూది వేయించలేదు."

"మెల్లగా అంటే ఎన్ని దినాలు?"

"ఈ వానలు పోవచ్చు. వచ్చే వానలు కావచ్చు."

వచ్చే వానల దాకా ఆగడం పోచయ్యకు చేతకాలేదు. ముందు వరసలోని ఇళ్లన్నీ తిరిగాడు. తానే చెప్పిన సూదిని తానే వద్దన్నాడు. "నిరుడు ఒకటి అంటివి, ఇయ్యాల ఒకటి అంటున్నవ్" అని తిట్టారు. నిలబడి పడ్డాడు. ఆ తర్వాత పాత రంగు బకెట్టు ఒకటి తీసుకుని, దాని మూతకు మేకుతో తూట్లు పొడిచి, దత్తాత్రి ఊరికి బస్సెక్కాడు.

దత్తాత్రి అతని కోరిక విని ముందు నవ్వాడు. తర్వాత పొద్దున వేసిన పెండకుప్పలు చూపించి పార అందించాడు. పార పెడితే పురుగులు తెగుతాయని పోచయ్యకు అర్థమైంది. ముక్కుకు కట్టిన తువాలు చేతికి చుట్టుకుందామనుకున్నాడు. అదీ కుదరలేదు, పురుగులు దారాల్లో చిక్కుకుంటున్నాయి. కళ్లు మూసుకుని ఉత్త చేతులతో ఎత్తాడు. వేళ్ల సందుల్లో అవి కదులుతుంటే "ఛీ, ఘాణ్" అంటూనే బకెట్టులో వేశాడు. బకెట్టు నిండేసరికి రెండుసార్లు కక్కాడు.

తిరుగు బస్సులో కండక్టరు అడిగాడు. "బకెట్ల ఏంది కాకా, వాసనొస్తుంది?"

"దవా" అన్నాడు పోచయ్య.

కంకర రోడ్డు మీద బస్సు ఎగిరింది, మూత జరిగింది. ఒక పురుగు బయటికొచ్చి అతని చొక్కా మీద పాకుతూ కాలరు దాటి మెడ మీదికి ఎక్కింది. పక్కసీటు ఆమె కెవ్వుమని లేచి నిలబడింది. పోచయ్య రెండు చేతులతో మూత అదిమి పట్టుకుని ఉన్నాడు. చెయ్యి తీస్తే బకెట్టు మొత్తం బస్సులో పరుచుకుంటుంది. పళ్లు బిగించి, కళ్లలో నీళ్లు తిరుగుతుండగా, కాలనీ వచ్చేదాకా దాన్ని మెడ మీదే పాకనిచ్చాడు.

అలా ఆ వానాకాలంలో పదకొండుసార్లు వెళ్లాడు. మొదట తెచ్చినవి ఎక్కడికి పోయాయో తెలియదు, పాత మందు పెండకు చచ్చాయేమో కూడా. నాలుగో బకెట్టు నుంచి మాళ్ మీద అక్కడక్కడ మట్టి తవ్విన గుర్తులు కనిపించాయి. వానలు ఆగిపోయే రోజుల్లో ఈగలు కొంచెం తగ్గాయి. అంతే, పూర్తిగా పోలేదు.

మూడో ఏడు జూన్‌లో వాన పడిన మర్నాడు గంగుబాయి కర్ర ఊతంతో తానే మాళ్ మీదికి నడిచి వెళ్లి, అక్కణ్నుంచి కేకేసింది. పెండ మీద నల్లగా పురుగులు ముసిరి ఉన్నాయి. గోరింకలు దిగి వాటిని ఏరుకు తింటున్నాయి. నాలుగు రోజులకు ఆ కుప్పల చోట నూకలాంటి పొడి మిగిలింది. వరసలో ఈగలు ఇంకా ఉన్నాయి గానీ అన్నం మూత తీసి తినగలుగుతున్నారు. సుందరాబాయి మనవరాలు మయూరి ఇప్పుడు వాకిట్లో నడుస్తోంది.

"పురుగులతోని దోస్తానా కుదిరినట్టుంది గదన్నా?" అని సుందరాబాయి ఒకరోజు నవ్వుతూ అడిగింది. పిల్ల కళ్ల సంగతి తర్వాత ఆమె అతనితో నోరు విప్పి మాట్లాడింది అప్పుడే.

"ఏం దోస్తానా? సూస్తే ఇప్పటికీ కడుపుల తిప్పుతది" అన్నాడు పోచయ్య.

అది అబద్ధం కాదు. బర్రె చెవిలో పిడుదులు ఇప్పుడు అతనే పీకుతాడు, కిరసనాయిలు డబ్బాలో వేస్తూ, ఒక్కోదానికి ఒక్కోసారి "ఛీ" అంటూ. పక్క వరసలవాళ్లు సూదుల సంగతి అడగడానికి వస్తే వాళ్లను మాళ్ మీదికి తీసుకెళ్తాడు. పెండకుప్ప దగ్గర నిలబడి, మొహం అటు తిప్పుకుని, కర్ర మాత్రం ఇటు చాపి, "గవే, సూడుండ్రి, మంచిగ సూడుండ్రి" అంటాడు. తాను మాత్రం చూడడు.