కందిబద్దంత మొహం, రూపాయి బిళ్ళంత బొట్టు

మినియేచర్ బొమ్మలు, అంటే అరచేయంత చిత్రాలు, వేయడం నేర్చుకుంటున్నానని మీకు తెలుసు కదా. ఈ నెలంతా ఒకే కృష్ణుడితో కుస్తీ పట్టాను. మొహం కందిబద్దంత. భూతద్దం పెట్టుకుని, ఊపిరి బిగబట్టి కనుబొమలు గీశాను. మొదటిసారి నా గీత నాకే నచ్చింది.

ఈ రోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి, చల్లపల్లి నుంచి వచ్చిన మా పెద్దమ్మ దాన్ని పూజగదిలో పెట్టి, తడి గంధం అద్ది, పైన కుంకుమ పెట్టేసింది. మొహం లేదు. వాటర్ కలర్ కదా, తుడిస్తే ఉన్నదీ పోతుంది.

"నన్నొక మాట అడగక్కర్లేదా పెద్దమ్మా?"

"దేవుడికి బొట్టు పెట్టడానికి నిన్నడగాలా? బోసి మొహంతో వదిలేశావు."

"ఆ మొహం ఎక్కడుందో చూపించు."

కళ్ళజోడు సర్దుకుని చూసింది. "నువ్వే కాస్త పెద్దది వేయాల్సింది."

ఒళ్ళు మండిపోయింది, ఇంకా చల్లారలేదు. హారతి కూడా ఇచ్చేసిందట, ఇక అక్కణ్ణుంచి తీయకూడదట. దణ్ణం పెట్టుకునేంత బాగా వేశానా అని ఒక్క క్షణం మెత్తబడ్డాను. కానీ ఆవిడ క్యాలెండర్ మీద దేవుడికీ అలాగే పెడుతుంది.

ఈసారి ఏనుగును వేద్దామనుకున్నాను. దానికీ పెడతారు. బొట్టు పెట్టడానికి వీల్లేని బొమ్మేదైనా ఉంటే చెప్పండి.