మూయించిన తూము

డెబ్బయ్యో దశకం చివర్లో ఏటూరునాగారం రోడ్డు పనిలో నేను వర్క్ ఇన్‌స్పెక్టర్‌ని. ఒకచోట వాగు నీళ్లు రోడ్డు కింద నుంచి పోవడానికి డ్రాయింగులో ఒకే సిమెంటు తూము చూపించారు. మట్టి మోసే కొమురమ్మకు ఆ వాగు ఎగువనే మడి ఉంది.

"ఒక్కటి సాలది సారూ. వానకాలం నీళ్లు మా మడిలకే ఎగదన్నుతయ్" అంది.

నిజమేననిపించింది. మార్పుకు అనుమతి కోరుతూ వరంగల్ ఆఫీసుకు రాశాను. జవాబు వచ్చేదాకా ఆగకుండా రెండో తూము వేయించేశాను.

వారానికే పై అధికారి జీపులో వచ్చాడు. "డ్రాయింగులో లేనిది పెట్టడానికి నువ్వెవరయ్యా? అనుమతి వచ్చేదాకా మూసెయ్!" అని కూలీలందరి ముందూ అరిచాడు. మూసేయమని కూలీలకు చెప్పాను. ఆ తూముకు రాళ్లు అడ్డం పెట్టి సిమెంటు పూసింది కొమురమ్మే.

శ్రావణంలో ముసురు పట్టింది. పొద్దున నేను వెళ్లేసరికి ఆమె వేసిన నాటు కనిపించడం లేదు, అంతా నీళ్లే. గడ్డపార తీసుకుని నేనే దిగాను. తూము తెరుచుకునేసరికి మధ్యాహ్నమైంది. అప్పటికే నారంతా లేచి తేలిపోయింది.

దసరా వెళ్లాక అనుమతి వచ్చింది. రెండో తూము వేసుకోవచ్చట. చదివి వినిపిస్తే కొమురమ్మ తిట్టలేదు.

"మూసుడుకు ఒక్క మాట సాలె. తెరువుమనుడుకు ఇన్ని నెలలాయె గద సారూ" అని గంప నెత్తికెత్తుకుంది.

ఆ రోజు జీపు ముందు నేనూ ఒక్క మాట అని ఉండాల్సింది. మూయనని.