లిన్‌కు దిష్టి తీసినామె

దెయ్యాలు, గాలులు అని ఎవరైనా మొదలుపెడితే నాకు ఒళ్లు మండేది. నేను పైపింగ్ ఇంజనీర్ని. లెక్కకు అందనిదాన్ని నమ్మే అలవాటు లేదు. ఇప్పుడు కూడా దెయ్యాలున్నాయని అనను. సౌదీలో, ఈ అల్ ఖోబర్‌లో నాకు ఎదురైంది మాత్రం ఎదురైనట్టు చెబుతాను.

అజీజియాలో మేముండే బిల్డింగ్‌లోనే, మా పై అంతస్తులో లిన్ ఉండేది. చైనా అమ్మాయి. మా డిజైన్ ఆఫీసులో నా పక్క సీటే. వచ్చిన కొత్తలో అబాయా కాళ్లకు అడ్డం పడి మెట్ల మీద తూలుతుండేది. ఇకామాకు, అంటే ఇక్కడ ఉండే పర్మిట్‌కు, వేలిముద్రలు ఎక్కడివ్వాలో, మంచి బియ్యం ఎక్కడ దొరుకుతాయో అన్నీ నేనే చెప్పాను.

ఏడాది తిరిగేసరికి నాకంటే ఎక్కువగా ఇక్కడి మనిషైపోయింది. బాల్కనీలో పెయింట్ డబ్బాల్లో ఉల్లికాడలు ఏపుగా పెంచింది. నా కరివేపాకు ఎన్నిసార్లు నాటినా ఎండిపోయేది. ఇక్కడ ఆడవాళ్లకు డ్రైవింగ్ లైసెన్సులు మొదలుకాగానే ఆమె కారు తోలింది, నేను టెస్టు తప్పాను. వచ్చీరాని అరబిక్‌తో మేనేజర్‌ను నవ్వించేది. ఆయన నా డ్రాయింగులు కూడా ఆమెకు చూపించి గానీ సంతకం పెట్టేవాడు కాదు.

అవన్నీ ఎలాగో ఓర్చుకున్నాను. మా అమ్మాయి స్కూలు నుంచి వచ్చి, బ్యాగు విసిరేసి, "లిన్ ఆంటీ కాడికి పోతున్న" అని పైకి పరిగెత్తేది చూడండి, దాన్ని ఓర్చుకోలేకపోయాను. ఆవిరి మీద ఉడికించిన కజ్జికాయల్లాంటివి చేసిపెట్టేదట. నా పిల్ల నా వంటకు వంకలు పెట్టడం నేర్చింది.

"ఆమె మంచిగ బతుకుతుంటే నీకెందుకే కడుపుమంట?" అనేవాడు మా ఆయన.

"నువ్వు గూడ ఆమె దిక్కే మాట్లాడు," అని గిన్నెలు ఎత్తేసేదాన్ని.

అప్పుడే నితాకత్ మా మీద పడింది. సౌదీలను ఎంతమందిని పెట్టుకున్నారో చూసి ప్రభుత్వం కంపెనీలకు రంగులిస్తుంది. మా కంపెనీ పచ్చ నుంచి పసుపుకు జారింది, అంటే విదేశీయులను తగ్గించుకోవాలి. మా సెక్షన్‌లో ఉన్న ఇద్దరు విదేశీ ఆడవాళ్లలో ఒకరి ఇకామానే రెన్యూ చేస్తామన్నారు. ఇంట్లో తలకింతని సర్కారుకు లెవీ కడుతున్న రోజులవి. నా జీతం ఆగితే నేనూ పాపా ఫైనల్ ఎగ్జిట్ మీద కరీంనగర్‌కు, ఆయన బ్యాచిలర్ రూముకు. మా చుట్టూ ఎన్నో సంసారాలు అలా రెండు ముక్కలయ్యాయి. లిన్‌కు మొగుడా, పిల్లలా? ఆమె వెళ్తే ఏం పోయింది? పొద్దున దేవుడికి దీపం పెట్టినప్పుడు కూడా అదే కోరుకునేదాన్ని.

సరిగ్గా ఆ రోజుల్లోనే లిన్‌కు జ్వరం తగులుకుంది. మందులకు తగ్గడం లేదని మా అమ్మాయి దిగులుపడింది. నేను పైకి వెళ్లలేదు. ఆఫీసులో ఖాళీగా ఉన్న ఆమె సీటు చూస్తే నాకు ప్రాణం హాయిగా ఉండేది.

జ్వరం తగ్గి ఆఫీసుకు వచ్చిన రోజు లిన్ నేరుగా వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

"ఆదివారం మధ్యాహ్నం నువ్వు రాకపోతే నేను లేచేదాన్ని కాదు," అంది ఇంగ్లీషులో.

నాకేమీ అర్థం కాలేదు. ఆమే చెప్పుకుపోయింది. నేను పసుపు చున్నీ వేసుకుని వచ్చానట. తన తల నిమిరానట. గుప్పిట్లో ఉప్పు, ఎండుమిరపకాయలు పట్టుకుని తన చుట్టూ తిప్పి, గుప్పిట్లోకి తూ తూ అని ఉమ్మమన్నానట. ఆ తర్వాత వాటిని పొయ్యి మీద మాడ్చానట.

"మా ఊళ్లో మిరపకాయలు వేయిస్తే వీధంతా దగ్గుతుంది. ఆ రోజు పొగ నిండినా కొంచెం కూడా ఘాటు రాలేదు. ఎలా చేశావు?" అని అడిగింది.

మా వైపు దిష్టి తీసేది అలాగే. గట్టి దిష్టి తగిలితే మిరపకాయలు మాడినా ఘాటు రాదంటారు. నేను నమ్మను కాబట్టి మా పాపకు కూడా ఎప్పుడూ తీయలేదు. లిన్ దగ్గర ఆ ఊసే ఎత్తలేదు.

ఆదివారం ఇక్కడ పనిరోజు. ఆ మధ్యాహ్నం నేను ఆఫీసులో మేనేజర్ ఎదురుగా మీటింగులో ఉన్నాను. పొద్దున దింపిందీ సాయంత్రం తీసుకొచ్చిందీ మా ఆయనే. పాప స్కూల్లో ఉంది. బిల్డింగ్‌లో వేరే తెలుగువాళ్లు లేరు. జ్వరంలో ఏదో కలగన్నదని సర్దిచెప్పుకుని, ఎందుకైనా మంచిదని ఆ మధ్యాహ్నం పైకి ఎవరైనా వెళ్లారా అని బిల్డింగ్ కాపలా చూసే బంగ్లాదేశీ మనిషిని అడిగాను.

"హా మేడమ్, ఆప్ హీ ఊపర్ గయీ థీ. మైనే సలామ్ కియా, ఆప్‌నే జవాబ్ నహీ దియా," అన్నాడు. మీరే పైకి వెళ్లారు, సలాం చేస్తే పలకలేదు అని నా మీద నిష్ఠూరం.

మా ఆయనకు చెబితే నవ్వలేదు. "నేను రాలేదని ఆమెకు చెప్పినవా?" అని మాత్రం అడిగాడు.

మర్నాడు చెప్పాలనే వెళ్లాను. లిన్ అప్పటికే మేనేజర్‌తో మాట్లాడేసింది. జిజాన్‌లో వాళ్ల దేశపు కంపెనీ పిలుస్తోందని, కఫాలా, అంటే స్పాన్సర్‌ను, మార్చుకుని అక్కడికి పోతానని.

"నీకు పాప ఉంది, నువ్వు ఇక్కడే ఉండాలి. ఈ దేశంలో నా తల మీద చెయ్యి వేసింది నువ్వొక్కదానివే," అంది.

అది నేను కాదని చెప్పడానికి నోరు తెరిచాను. పాప గుర్తొచ్చింది. మళ్లీ మూసుకున్నాను.

నా ఇకామా రెన్యూ అయింది. మేం ముగ్గురం ఒకే ఇంట్లో ఉన్నాం. లిన్ జిజాన్ నుంచి ఇప్పటికీ ఫోన్ చేస్తుంది. పాపతో మాట్లాడాక నన్ను పిలిచి ఆ మధ్యాహ్నం సంగతే ఎత్తుతుంది. అప్పుడు ఆమె గొంతు ఎంత మెత్తగా మారుతుందో! ఆ రోజు పైకి వెళ్లింది ఎవరో, ఎలా వెళ్లిందో నాకు ఈనాటికీ అంతుపట్టలేదు. లిన్ అంత ప్రేమగా తలుచుకునేది నన్ను కాదని మాత్రం తెలుసు. నా మొహంతో వెళ్లి నా పిల్లను నా దగ్గర ఉంచిన ఆమెను తలుచుకుంటే, నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.