ఇరాన్ తివాచీలో మూడు పచ్చ ముడులు

మా తాత హిదాయతుల్లా నలభై ఏళ్లు ఏలూరులో తివాచీలు నేశాడు. ఇప్పుడు కళ్లు మసకబారి, సేమ్యాకూ దారానికీ తేడా తెలియక మా అమ్మ షమీమ్ చేత తిట్లు తింటున్నాడు. మొన్న నన్ను పిలిచి, "షాయిస్తా, ప్రెసిడెంటు గారి ఇల్లు జనానికి చూపిస్తారట. నా తివాచీ అక్కడే ఉంది. ఉన్న చూపు పోయేలోగా తీసుకెళ్లవే" అన్నాడు.

ప్రెసిడెంటంటే దేశానికి కాదు, మండవల్లి అవతల చేపల చెరువుల మధ్య ఒక పంచాయతీకి. పదిహేనేళ్లు ఏలాడట. ఊరికి రోడ్డు వెయ్యలేదని బస్సు దిగి బురదలో నడిచాక నాకే తెలిసింది.

ప్రారంభానికి ఒక రోజు ముందే వచ్చినా మమ్మల్ని లోపలికి రానిచ్చారు. ఆయన పుట్టిన పెంకుటిల్లు, పోయిన డాబా, రెండూ అలాగే ఉంచారు. అద్దాల పెట్టెలో ఆయన సగం అరగదీసిన సబ్బుబిళ్ళ, పళ్లసెట్టు. తొమ్మిదో తరగతి తప్పిన నేను చీటీలు గట్టిగా చదువుతుంటే తాత భక్తిగా తలూపాడు. డాబాలో మంచం కింద ఎర్ర తివాచీ. చీటీ మీద "ఇరాన్ నుంచి తెప్పించినది" అని ఉంది.

తాత తల ఆగిపోయింది. "అది నేను నేసిందండీ."

ఇల్లు చూపిస్తున్న ప్రెసిడెంటు మనవడు నిరంజన్ నవ్వాడు. "భలేవారే సాయిబు గారూ! మా తాతయ్య గారు ఇరాన్‌దనే చెప్పేవారండి."

"మీ ఊరికి మేం రావడమే గగనమైంది, ఇరాన్ నుంచి ఎలా వచ్చిందండీ?" అన్నాను.

తాత నన్ను గిల్లి, కింద కూర్చుని, మంచం కోడు పక్కన తడిమి మూల తిరగేశాడు. "రంగు చెప్పవే."

ఎర్ర ముడుల మధ్య మూడు పచ్చ ముడులు.

"ఇది నేస్తుండగా మా షమీమ్ పుట్టిందని కబురొచ్చిందండీ. కంగారులో రంగు తప్పాను. దానికి ఆయన పదిమందిలో నన్ను గుడ్డి వెధవా అన్నారు. తప్పు కనపడకుండా మంచం వేయించారు."

నిరంజన్ ముఖం తెల్లబోయింది. "రేపే ప్రారంభమండి. చీటీలు అచ్చయిపోయాయండి" అంటూ మమ్మల్ని సమాధి దగ్గరికి నడిపించాడు. పాలరాయి మీద "ప్రజల మనిషి" అని బంగారు అక్షరాలు. వాటి మీద కొల్లేటి కొంగ రెట్ట. నాకు కొంగ మీద గౌరవం కలిగింది. తాత మాత్రం తువ్వాలుతో తుడిచాడు.

నిరంజన్ పూలదండ సర్దుతుండగా, చెప్పులు మరిచానని తాత నన్ను డాబాలోకి లాక్కెళ్లాడు. "ఆ కోడు పట్టు."

ఇద్దరం మంచాన్ని మూరెడు జరిపాం. పచ్చ ముడులు బయటపడ్డాయి.

"ఇరాన్ వాళ్లెవరైనా వచ్చి చూస్తే, తాతా?"

"ఆ తప్పు మాది కాదని వాళ్లే చెబుతారులే."