తువ్వాల వేసిన సీటు

నల్గొండ కాలేజీ బేస్‌బాల్ టీములో అది నా ఆఖరి ఏడాది. వరసగా నాలుగు మ్యాచ్‌లు గెలిచి, ఫైనల్ అంచున పాలమూరు వాళ్ల చేతిలో ఒక్క పరుగుతో ఓడిపోయాం. బంతి విసిరే వాళ్ల పిచ్చర్ మమ్మల్ని చూసి నవ్వాడు. అంతే, మైదానంలోనే బ్యాట్లతో కొట్టుకున్నాం.

పోలీసులు వస్తారని పాలమూరు బస్టాండుకు పరుగెత్తి, నల్గొండ బస్సు కిటికీలోంచి ఒక సీట్లో నా బ్యాటు పడేశాను. ఎక్కి చూస్తే అక్కడ ఎవరో ముసలాయన కూర్చున్నాడు. నాకంటే ముందే తువ్వాల వేసి ఆ సీటు ఆపుకున్నాడట. బ్యాటు తీసి ఆయన నెత్తిమీదికి ఎత్తాను.

"లేస్తవా, పలగ్గొట్టాల్నా?"

ఆయన నా ముఖం చూసి, తువ్వాల పట్టుకుని లేచాడు.

"కొడుదువు గని బిడ్డా, ముందుగాల గా నెత్తురు ఆపుకో. గిట్ల కూసో."

నన్ను తన సీట్లో కూర్చోబెట్టి నుదురు తుడిచాడు. జుట్టు పాయలు విడదీస్తూ గాయం కోసం వెతికాడు.

"ఏడ తాకింది? జర చెప్పు."

ఎంత వెతికినా ఆయనకు దొరకలేదు. ఆ నెత్తురు పిచ్చర్‌దని చెప్పకుండా తల వంచి కూర్చున్నాను. దేవరకొండలో దిగేదాకా ఆయన నిలబడే, ఆ తువ్వాలను నా నెత్తికి అదిమి పట్టుకున్నాడు.