గడ్డకట్టిన మందు

అబ్దుల్ మజీద్ పొద్దున లేవగానే, ముఖం కూడా కడుక్కోకుండా ఫ్రిజ్ తలుపు తీస్తాడు. మధ్య అరలో వేలాడే చిన్న థర్మామీటరు చూస్తాడు. నాలుగు, ఒక్కోసారి అయిదు. తలుపు మెల్లగా వేసి, అప్పుడు నల్లా దగ్గరికి వెళ్తాడు. ఆ ఫ్రిజ్‌లో ఏమీ ఉండదు. రాత్రి కూర మిగిలినా అందులో పెట్టడు. అది మందు కోసం కొన్న ఫ్రిజ్.

మజీద్ రాజోలిలో కుల్ఫీ అమ్ముతాడు. తండ్రి నేర్పిన పని. మరిగించిన పాలను రేకు డబ్బీల్లో పోసి, చెక్కపెట్టెలో ఐసు నడుమ నిలబెట్టి, దోసిళ్లతో దొడ్డుప్పు చల్లుతాడు. ఉప్పు పడితే ఐసు ఇంకా చల్లబడుతుందని, పాలు గడ్డకట్టేది అప్పుడేనని ఆయనకు పదేళ్ల వయసులోనే తెలుసు.

ఆయన కొడుకు ఉవైస్‌కు హీమోఫీలియా. దెబ్బ తగిలితే వాడి రక్తం గడ్డకట్టదు. పాకే వయసులోనే మోకాళ్లు కమిలిపోతుంటే తల్లి గజాలా కర్నూలు తీసుకుపోయి చూపించింది. అక్కడి డాక్టర్లు ఇంట్లో ఉంచుకోమని రెండు సీసాలు ఇచ్చారు. ఒకదాంట్లో పొడి మందు, ఇంకోదాంట్లో అందులో కలిపే నీళ్లు. పిల్లవాడి తలకు దెబ్బ తగిలితే వాపు వచ్చేదాకా చూడొద్దని, ముందు ఆ మందు ఎక్కించి తర్వాత కర్నూలుకు బయల్దేరాలని చెప్పారు. ఎక్కించడానికి ఊరి దవాఖానలో నర్సు స్వరూప ఉంది.

"ఇది రక్తం గడ్డకట్టించే మందు, మజీద్ భాయ్. చల్లగ పెట్టాలె," అని ఆమె విడమరిచి చెప్పింది.

అప్పుడు మజీద్ ఇంట్లో ఫ్రిజ్ లేదు. సీసాలను పక్కింటి నేతగాడు శంకరయ్య ఫ్రిజ్‌లో పెట్టారు. నాలుగేళ్ల కింద ఏప్రిల్‌లో గాలిదుమారానికి స్తంభాలు పడిపోయి ఊరికి కరెంటు పోయింది. మర్నాటికీ రాలేదు. మందు వేడెక్కుతుందని మజీద్ పరేషాన్ అయ్యాడు. సీసాలు తెచ్చి కుల్ఫీ పెట్టె అడుగున, ఐసులో పాతిపెట్టి, మామూలుకంటే ఎక్కువ ఉప్పు చల్లాడు. ఎంత చల్లగా ఉంటే అంత మంచిదనుకున్నాడు. గడ్డకట్టించే మందు తానే గడ్డకడితే పాడవుతుందని ఆయనకు తోచలేదు.

ఆ సాయంత్రమే ఉవైస్ అరుగు మీంచి జారిపడ్డాడు. తల రాయికి తగిలింది. వాడికప్పుడు ఏడేళ్లు. కాసేపు ఏడ్చి ఊరుకున్నాడు. గజాలా మాత్రం వాడిని ఎత్తుకుని దవాఖానకు పరుగెత్తింది. మజీద్ పెట్టె తవ్వి సీసాలు పట్టుకొచ్చాడు. నీళ్ల సీసా గడ్డకట్టి పగిలిపోయి ఉంది. మందు సీసాకు సన్నటి చీలిక.

స్వరూప వాటిని వెలుతురులో పట్టుకుని చూసింది. "చల్లగ పెట్టమన్న గానీ కుల్ఫీ చెయ్యమన్ననా, భాయ్?" అంది. సీసాలు పక్కన పెట్టేసింది. వెంటనే అంబులెన్సుకు ఫోన్ చేసింది.

అంబులెన్సు వచ్చి కర్నూలు చేరేసరికి రెండు గంటలు పట్టింది. దారిలో ఉవైస్ రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. ఆ తర్వాత పిలిస్తే పలకలేదు. అక్కడ మందు ఎక్కించి, తలకు ఆపరేషన్ చేసి బతికించారు. ఎడమచేతి పట్టు మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు.

గజాలా భర్తను ఒక్క మాట అనలేదు. ఇంటికొచ్చిన వారానికే కొడుకును తీసుకుని హైదరాబాద్‌లో అన్న దగ్గరికి వెళ్లింది. అక్కడి నుంచి పెద్ద దవాఖానకు ఆటోలో పది నిమిషాలు.

"తిట్టి పోయినా బాగుండు, శంకరన్నా," అంటాడు మజీద్ ఇప్పటికీ.

ఆ తర్వాతే ఫ్రిజ్ కొన్నాడు. కరెంటు పోయినా ఆగకుండా ఇన్వర్టర్ పెట్టించాడు. రెండు వారాలకోసారి హైదరాబాద్ పోతాడు. కొడుక్కి కుల్ఫీ తీసుకుపోదామంటే అయిదు గంటల ప్రయాణానికి అది ఆగదు. పల్లీలు తీసుకుపోతాడు. ఫ్రిజ్ అయిదు డిగ్రీలు దాటుతలేదని గజాలాకు చెప్తాడు. "మంచిది," అంటుంది ఆమె. ఉవైస్ మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా, "అబ్బాజాన్, ఫ్రిజ్‌కు జరమొచ్చిందా?" అని ఆటపట్టిస్తాడు. ఆ మాట కోసమే మజీద్ ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుంటాడు.

పోయిన వేసవి సెలవుల్లో గజాలా, ఉవైస్ నాలుగు రోజులకని వచ్చారు. వెంట తెచ్చిన మందును ఆమె తన చేత్తోనే ఫ్రిజ్‌లో పెట్టింది. మూడో రోజు వాడి మోకాలు వాచింది. సూది పెట్టి మందు ఎక్కించడం ఆమె హైదరాబాద్‌లో నేర్చుకుంది. కలిపే ముందు సీసాల చల్లదనం పోవాలి. మజీద్ వాటిని అరచేతుల మధ్య పట్టుకుని కూర్చున్నాడు.

"ఇటియ్యుండ్రి," అంది గజాలా కాసేపటికి. "పొద్దంత ఐసుల పెట్టిన చేతులు. గివి ఎప్పుడు ఎచ్చగైతయి?"

అంటూ నవ్వింది. సీసాలు ఆమె చేతుల్లోనే వెచ్చబడ్డాయి. మర్నాటికి వాపు తగ్గింది.

వాళ్లు వెళ్లేరోజు, ఆమె బట్టలు సర్దుతుంటే మజీద్ అడిగాడు. "ఫ్రిజ్ మంచిగనే ఉన్నది గద. ఇంక ఈడనే ఉండుండ్రి."

"ఫ్రిజ్ మంచిగనే ఉన్నది. మోకాలైతే ఇంట్లనే చూసుకున్నం," అంది ఆమె. "మళ్ల తలకు తగిల్తే? మందిచ్చినంక కర్నూలుకు ఎంతసేపు?"

మజీద్ అంబులెన్సు వచ్చే సమయం కూడా కలుపుకున్నాడు. తగ్గించి చెప్పాలనిపించింది గానీ చెప్పలేకపోయాడు.

"రెండు గంటలు," అన్నాడు.

గజాలా సంచి జిప్పు లాగింది.

ఉవైస్ ఇప్పుడు హైదరాబాద్‌లో ఆరో తరగతి చదువుతున్నాడు. గజాలా అక్కడే ఒక దుకాణంలో బట్టలు కుడుతుంది. మజీద్ రాజోలిలో ఉంటాడు.