నలభై నిమిషాల ప్రసంగం

చేతికొచ్చిన సంబంధాన్ని ఎవరి సాయమూ లేకుండా నలభై నిమిషాల్లో చెడగొట్టుకున్నవాణ్ణి నేను. ఎలాగో చెబుతాను. నవ్వుకోండి, అడ్డు చెప్పను.

వాట్సాప్ కొత్తగా వచ్చిన రోజులవి. నాకు ఇరవై ఏడు. విజయనగరం నుంచి రోజూ రైల్లో చీపురుపల్లి వెళ్ళి మందుల షాపులో పనిచేసేవాణ్ణి. ఎత్తు ఐదడుగుల మూడంగుళాలు. మాత్ర తిన్నాక వేసుకోవాలా, తినకముందా అని తప్ప ఏ అమ్మాయీ నన్నేమీ అడిగి ఎరగదు. నేనూ ఎవరినీ పలకరించలేదనుకోండి, ఆ సంగతి అప్పట్లో తట్టలేదు.

ఫోన్లో నాలాంటివాళ్ళ గ్రూపొకటి దొరికింది. అమ్మాయిలు ఎత్తు, బండి చూస్తారని, మనకు పుట్టుకతోనే తలుపులు మూసేశారని పొద్దస్తమానం ఒకరినొకరు ఓదార్చుకునేవాళ్ళం. నిజం చెప్పొద్దూ, ఆ ఏడుపులో ఓ సుఖం ఉండేది. తప్పు మనది కానప్పుడు మారాల్సిన పని ఉండదు కదా.

అప్పుడే మా పెద్దమ్మ చర్చిలో ఓ సంబంధం చూసింది. అమ్మాయి సునంద, నర్సు. ముందు నాతో మాట్లాడాలని తనే అడిగిందట. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వెనక బెంచీ మీద మమ్మల్ని కూర్చోబెట్టి పెద్దమ్మ పక్కకెళ్ళింది.

రోజూ రైల్లో వెళ్ళిరావడం కష్టం కాదా అని సునంద అడిగింది. నాకేమో బండి లేదని ఎత్తిపొడిచినట్టు వినిపించింది. ఇక చూస్కోండి, మైకు దొరికిన చోటా నాయకుడిలా అందుకున్నాను. పొట్టివాళ్ళకు ఆడవాళ్ళు చేసిన అన్యాయమంతా ఏకరువు పెట్టాను. అనుభవం ఒక్కటీ లేకపోయినా ఉదాహరణలకు లోటు రాలేదు. ఆమె రెండుసార్లు నోరు తెరిస్తే, ఇంకా ఉందని చెయ్యి చూపించాను. చివరికి గొంతు బొంగురుపోయి, మీరూ అందుకే కాదంటారని ముగించాను.

సునంద లేచింది. నేనూ లేచాను.

"నేను మీ చెవి దాకా వస్తన్నాను. సూసేరా?" అంది నెమ్మదిగా.

చూడలేదు.

"అవునందామనే వచ్చేను. ఇంతసేపట్లో నన్నొక్క మాటడిగేరా? మీ పక్కన నా మాటకి సోటేదండీ?"

ఆమె వెళ్ళిపోయింది. ఏటైనాదని పెద్దమ్మ అడిగితే, నేను పొట్టిగా ఉన్నానని కాదందని చెప్పాను. పెద్దమ్మ గేటు దాటుతున్న సునందనీ, నన్నూ మార్చి మార్చి చూసింది.

"ఒరే, ఆ పిల్ల నీ సంకలోకి సరిపోతాది కదరా."

గ్రూపులోనూ అదే అబద్ధం చెప్పాను. అందరూ ఎప్పటిలాగే ఓదార్చారు. మొదటిసారి ఆ ఓదార్పు నాకు పనిచెయ్యలేదు. వారం తిరక్కుండా గ్రూపులోంచి బయటికొచ్చేశాను.

మరుసటేడు బజార్లో సునంద, ఆమె భర్త కనిపించారు. అతను నాకంటే పొట్టి. ఆమె ఏదో చెబుతోంది, అతను ఊకొడుతున్నాడు. నేను చెయ్యలేనిదేమీ కాదది. అదే ఎక్కువ బాధించింది.

కాబట్టి పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఆడవాళ్ళ మనసులో ఏముందో ఇకమీదట ఏ ఆడమనిషికీ నేను వివరించను.